కాలేయ జబ్బు ఉన్నవారికి రక్తం తగ్గితే?

"ఒంట్లో రక్తం లేదు సిస్టర్, మంచి టానిక్కు ఇప్పించండి" అని చాలామంది అడుగుతుంటారు. కానీ హెపటైటిస్ బి గానీ, సి గానీ చాలాకాలంగా ఉన్నవారు కారణం తెలుసుకోకుండా టానిక్కులు వాడకూడదు. ఎందుకో తెలుసుకుందాం.

కాలేయానికీ రక్తానికీ సంబంధం ఏమిటి?

రక్తకణాలు ఎముకల మూలుగలో తయారవుతాయి. అందుకు కావలసిన ఇనుము, బి12 విటమిన్, ఫోలిక్ ఆమ్లం కాలేయంలో నిల్వ ఉంటాయి. రక్తం గడ్డకట్టడానికి అవసరమైన పదార్థాలను కూడా ఎక్కువగా కాలేయమే తయారుచేస్తుంది. వైరస్ వల్ల ఏళ్ల తరబడి దెబ్బతిన్న కాలేయం కొందరిలో గట్టిపడిపోతుంది. దీన్నే సిర్రోసిస్ అంటారు.

రక్తం ఎందుకు తగ్గుతుంది?

1. గట్టిపడిన కాలేయం గుండా రక్తం సాఫీగా పారదు. అందువల్ల అన్నవాహికలో, కడుపులో రక్తనాళాలు ఉబ్బుతాయి. అవి చిట్లితే రక్తపు వాంతులు అవుతాయి, లేదా మలం తారులా నల్లగా వస్తుంది. కొద్దికొద్దిగా రక్తం పోతుంటే రోగికి తెలియకపోవచ్చు.
2. అదే ఒత్తిడికి ప్లీహం పెరిగి, రక్తకణాలను ఆపి నాశనం చేస్తుంది.
3. ఆకలి మందగించినవారిలో, మద్యం తాగేవారిలో ఫోలిక్ ఆమ్లం తగ్గుతుంది.
4. హెపటైటిస్ సి చికిత్సలో కొందరికి ఇచ్చే రైబావిరిన్ మందు ఎర్రకణాలను చిట్లిస్తుంది.

సొంతంగా ఇనుము మాత్రలు ఎందుకు వద్దు?

రక్తం తగ్గిన ప్రతివారికీ ఇనుము లోపం ఉండదు. ఎక్కువైన ఇనుమును మన శరీరం బయటికి పంపలేదు. అది కాలేయంలో పేరుకుని మరింత హాని చేస్తుంది. పైగా ఈ మాత్రలతో మలం నల్లబడుతుంది కనుక, లోపల రక్తం పోతున్నా గుర్తించలేం. అయితే పరీక్షలు చేసి డాక్టరుగారు రాసిస్తే భయపడకుండా వాడండి. గర్భిణులు తమకిచ్చే ఐరన్ మాత్రలను సొంతంగా మానవద్దు. హెపటైటిస్ ఉన్న సంగతి మాత్రం తప్పక చెప్పండి.

మీరు చేయవలసినవి

• హిమోగ్లోబిన్ మగవారికి 13, ఆడవారికి 12, గర్భిణులకు 11 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనతే. కారణం తెలుసుకోవడానికి ప్లేట్‌లెట్లు, ఫెర్రిటిన్ పరీక్షలు, స్కానింగ్, అవసరమైతే ఎండోస్కోపీ చేస్తారు.
• మద్యం పూర్తిగా మానండి. ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో అడిగి మాత్రలు కొనుక్కోవద్దు. కొన్ని నొప్పి మాత్రలు రక్తస్రావాన్ని పెంచుతాయి. పసరు మందుల జోలికి పోవద్దు.
• రక్తపు వాంతి, నల్లని మలం, కళ్లు తిరిగి పడిపోవడం వంటివి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి.
• 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి.

రక్తహీనత చిన్న నలతలా కనిపించినా, లోపల కాలేయం పడుతున్న బాధకు గుర్తు కావచ్చు. ప్రార్థనతోపాటు పరీక్ష కూడా చేయించుకోండి. ప్రభువు మీకు ఆరోగ్యం దయచేయును గాక.