ఒక్క కిటికీ చాలు!

సినిమా పిచ్చి ఉన్న కుర్రకారుకి మా చోడవరంలో (మొన్నటిదాకా విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా) ఏం కొదవలేదు. హీరో అవుదామనుకునేవాళ్లు, కనీసం హీరో పక్కన నిలబడదామనుకునేవాళ్లు, అదీ కాకపోతే ‘ఒక్క మంచి ఫోటో ఉంటే బావుణ్ణు’ అనుకునేవాళ్లు... వీళ్లంతా నన్నడిగేది ఒకటే. “అన్నా! మా ఇంట్లో వెలుతురు లేదు, లైట్లు కొనే స్తోమతు లేదు. ఫోటో ఎలాగ?”

లైట్లు కొనకండి. ఉన్నవి కూడా ఆర్పెయ్యండి!

హాస్యానికి అనడంలేదు. మా వూరి పాత పెంకుటిళ్లు గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. ముందు వీధిగుమ్మం, వెనక పెరటిగుమ్మం, మధ్య సావిట్లో పట్టపగలే చీకటి. ఫోటో అనగానే ట్యూబులైటూ, బల్బూ, ఫోనులో ఫ్లాషూ ఒక్కసారే వేస్తారు. పగటి వెలుగు తెల్లన, బల్బు పసుప్పచ్చన. మొహం సగం ఒక రంగు, సగం ఇంకో రంగు! నెత్తిమీది ట్యూబులైటు కళ్లకింద గుంటలు పెడుతుంది. ఫ్లాషేమో ముక్కూ చెంపా కలిపి అప్పడంలా చదును చేసేస్తుంది.

కిటికీ వెలుతురు పక్కనుంచి వస్తుంది, వెడల్పుగా వస్తుంది. అంచేత నీడ గీత గీసినట్టుండదు, మెల్లిగా కరుగుతుంది. మనిషిని కిటికీకి రెండుమూడు అడుగుల దూరంలో, పక్కవాటుగా కూర్చోబెట్టండి. ఇంకో రెండడుగులు లోపలికి జరిపితే వెలుతురు బాగా తగ్గిపోతుంది. మన కళ్లు సర్దుకుంటాయి గనక మనకి తెలీదంతే. తల కొద్దికొద్దిగా కిటికీవైపు తిప్పమనండి. చీకటివైపు చెంపమీద, కంటికింద చిన్న ముక్కోణం వెలిగిందా, ఆపెయ్యండి. కంట్లో కిటికీ తళుక్కుమనాలి సుమండీ! ఆ చుక్క లేకపోతే ఎంత అందగాడిదైనా నిద్రమొహమే.

ఎండ తిన్నగా మొహంమీద పడకూడదు. ఎదురింటి సున్నంగోడమీద పడితే మాత్రం అదృష్టం, ఆ గోడే మీకు దీపం. కింద ఎర్రగచ్చయితే దుప్పటి పరవండి, లేకపోతే గడ్డంకింద ఎరుపు తేలుతుంది.

చీకటి ఇల్లని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ‘ముత్యాలముగ్గు’ (1975) ఛాయాగ్రహణానికి జాతీయ అవార్డు తెచ్చుకున్న ఇషాన్ ఆర్య, అంతకుముందు ‘గరమ్ హవా’ని ఆగ్రాలో నిజమైన పాత ఇంట్లోనే తీశాడు. సత్యజిత్ రాయ్ ‘అపరాజితో’ (1956)కి కాశీ ఇంటి వాకిలిని స్టూడియోలో సెట్టు వేశారు. పైనుంచి ఆకాశం వెలుతురు దిగాలి, ఎలా? కెమెరామాన్ సుబ్రతా మిత్ర సెట్టుపైన తెల్లగుడ్డ కట్టి, కిందనుంచి లైట్లు దానిమీదకి కొట్టించాడు. గుడ్డకి తగిలి తిరిగొచ్చిన వెలుగే మనుషులమీద పడింది. ఇక ‘కాగజ్ కే ఫూల్’ (1959)లో వి.కె. మూర్తి పెద్ద అద్దాలతో బయటి ఎండని స్టూడియోలోకి మళ్లించి వెలుగు స్తంభాన్నే నిలబెట్టాడు.

తెల్లగుడ్డా అద్దమూ ఎవరింట్లో లేవు?

మా వీధిలో ఓ మామ్మ ఉంది. ఎనభై దాటాయి, మోకాళ్లు కదలవు, స్టూడియోకి రాలేదు. ఇంట్లో ఆవిడ ఫోటో అంటే ఆధార్ కార్డుమీది గోరంత బొమ్మే. రేపు ఏమైనా అయితే గోడకి ఎక్కేదీ అదే! మనవడి బెంగ అది. ఆవిడ మంచం ఉన్న గదికి కిటికీయే లేదు. పెరట్లో ఎండలో నిలువుటద్దం పెట్టాం. నులకమంచం నిలబెట్టి తాతగారి తెల్లపంచె దానిమీద కట్టాం. గుమ్మంలోంచి వచ్చిన ఎండని పంచెమీద పడేలా తిప్పాం (మొహంమీదకి తిప్పితే కళ్లు పోతాయి, జాగ్రత్త). గదిలో ఓ పెద్ద కిటికీ తెరిచినట్టయింది.

“ఏటి బాబూ, పంచికి తీస్తన్నావా, నాకు తీస్తన్నావా?” అని నవ్వింది మామ్మ. ఆ నవ్వే పడింది.

మామ్మది నలుపు. మనవడు ఊరుకోక ఫోనులో మీట నొక్కి తెల్లగా చేసి చూపించాడు. మామ్మ తేరిపార చూసి, “ఇదెవర్తిరా?” అంది. అసలుది చూపిస్తే, “ఇది నాను” అంది.

ఆడిషన్లకి ఫోటోలు పంపే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ అందుకే చెబుతున్నాను. పౌడరు దట్టించకండి, తెలుపు మీట ముట్టుకోకండి. పక్కవెలుతురులో నల్లని చెంపమీద తేలే మెరుపు పౌడరుకింద చచ్చిపోతుంది. పైగా రేపు పిలిచినవాడు గుమ్మంలో ఇంకో మొహాన్ని చూస్తే ఏమనుకోవాలి?

ఫోనులో మొహంమీద వేలు నొక్కి, వెలుగు కాస్త కిందికి లాగండి. కెమెరా ఉంటే ఐయస్వో 800, లెన్సు 2.8, సెకనులో 60వ వంతు దగ్గర మొదలెట్టి చూసుకోండి. చాలకపోతే 30వ వంతుకి దిగొచ్చు, కానీ చేత్తో పట్టుకోకండి, స్టూలుమీద పెట్టండి. కూర్చున్నవాళ్లని ఊపిరి బిగపట్టమంటే మొహం బిగుసుకుంటుంది. ఊపిరి వదలమనండి, వదిలాక నొక్కండి.