తాడుకు ఇవతల

ఎన్నికల వేళ ఆదోనికి నాయకుల హెలికాప్టర్ వచ్చినప్పుడు మైదానం ఊడ్చింది మా మాదిగ గేరివాళ్లే. దిగేటప్పుడు మాత్రం పోలీసు తాడుకు ఇవతల నిలబడ్డాం. ఇప్పుడు దాన్ని నడిపేందుకు రాయవలసిన పరీక్షలకే చదువుతున్నాను. అమ్మానాన్నలు సుగ్గికి గుంటూరు మిరపచేలకు పోయారు. నేను ఎమ్మిగనూరులో మేనత్త ఇంట్లో ఉన్నాను.

ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివినవారు డీజీసీఏ రాతపరీక్షలకు ఇంటిపట్టున సిద్ధం కావచ్చు. నావిగేషన్, వాతావరణం, నిబంధనలు, సాంకేతిక విషయాలు: ఒక్కోదానిలో 70 శాతం రావాలి. ఎండకు గాలి పలచబడి రోటరు ఎత్తే బలం తగ్గుతుందన్న పాఠాన్ని రేకుల కప్పు కింద చదివాను. వేరే ఉదాహరణ అక్కరలేకపోయింది. కష్టమంతా ఇంగ్లీషుతోనే.

పుస్తకాలు అరువు దొరుకుతాయి. వాణిజ్య లైసెన్సుకు కావలసిన 150 గంటల ఎగురుడు అరువు దొరకదు. అది లక్షల మాట. కేంద్ర పోస్ట్‌మెట్రిక్ ఉపకారవేతనాల మొదటి గ్రూపులో ఎస్సీ విద్యార్థులకు హెలికాప్టర్ పైలట్ శిక్షణ పేరు అచ్చులోనే ఉంది. నేనున్న హాస్టల్లో ఆ సంగతి చెప్పినవారు లేరు. గోడకు కానిస్టేబుల్ ప్రకటనలే అంటించేవారు. మా ఆశకు హద్దు గీసే పని అక్కడే మొదలవుతుంది. పైగా రుసుం ముందే కట్టమనే శిక్షణాలయం ఎదుట, తర్వాతెప్పుడో వచ్చే ఉపకారవేతనం ఏ అక్కరకు?

మా గేరిలో ఎంపీసీ చదివే ఆడపిల్లలు ఇద్దరున్నారు. ఆ జాబితాను చేత్తో రాసి వారికిచ్చాను.