బోనెక్కని సేనానులు

ప్రైవేటు సైన్యాన్ని నడిపించినవాడు నాయకుడైతే పాత నెత్తుటి లెక్క మాఫీ అయినట్టేనా? రజాకార్ల కథలు వింటూ పెరిగి, రెండుసార్లు తగలబడిన భివండీలో బతుకుతున్న తెలుగువాళ్లకు ఇది ఊరికే వచ్చిన ప్రశ్న కాదు.

భివండీ పద్మనగర్‌లో సాంచాల (మరమగ్గాల) మోత మధ్య మాట వినపడాలంటే చెవి దగ్గర నోరు పెట్టాలి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల నుంచి కూలి వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీలు ఇక్కడ ఓ తెలుగు ఊరే కట్టుకున్నారు. పక్క వాడల్లో అన్సారీలు. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన వాళ్లదీ నేతపనే. ఇద్దరివీ ఒకే రకం సాంచాలు, ఒకే బజారు నూలు. కరెంటు పోతే ఇద్దరి నోటా ఒకే తిట్టు.

పాతతరం ఇళ్లలో 'రజాకార్ల జమానా' అన్న మాట ఇంకా బతికే ఉంది. అయితే ఆ మాట వినే పిల్లవాడికి 1948 నాటి రజాకారు ఎలా తెలుస్తాడు? వాడికి తెలిసిందల్లా పక్క వాడ అన్సారీ ముఖమే. చేసినవాడి పేరు చెరిగిపోతే నేరం అతని మతానికో కులానికో అంటుకుంటుంది. పాత హింసకు విచారణ ఎందుకంటే, మొదటి జవాబు ఇదే.

లాతూరు వకీలు కథ

నిజాం పక్షాన పోరాడిన రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ లాతూరులో వకీలు. అప్పట్లో నిజాం రాజ్యంలో ఉన్న ఆ ఊరు ఇప్పుడు మహారాష్ట్రలో ఉంది. 1946లో మజ్లిస్ పార్టీ పగ్గాలు పట్టి, ఒక చేత్తో పార్టీని, మరో చేత్తో సాయుధ దళాన్ని నడిపించాడు. 1948 ఆగస్టులో హైదరాబాదులో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను నరికి చంపారు. అదే నెలలో భైరాన్‌పల్లిలో పదుల సంఖ్యలో గ్రామస్తులను కాల్చి చంపారు.

భారత సైన్యం హైదరాబాదులోకి దిగిన పోలీసు చర్య తర్వాత రజ్వీని ప్రత్యేక ట్రిబ్యునల్ ముందు నిలబెట్టారు. షోయబుల్లాఖాన్ హత్య కేసు కూడా నడిచింది. కానీ చివరిదాకా నిలబడి అతన్ని జైలుకు పంపింది బీబీనగర్ దోపిడీ కేసు. ఏడేళ్ల శిక్షను 1953లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 1957లో విడుదలై, మజ్లిస్‌ను అబ్దుల్ వాహెద్ ఒవైసీకి అప్పగించి పాకిస్థాన్ వెళ్లిపోయాడు.

అంత పెద్ద భయానికి ఒక దోపిడీ కేసా అని నిట్టూర్చవచ్చు. కోర్టు చరిత్ర రాయదు, రుజువైనదే రాస్తుంది. అయినా ఆ కాగితం మీద ఒక మనిషి పేరుంది. అది ఒక సమాజం పేరు కాదు.

ఒక చేతికే సంకెళ్లు

ఈ కథకు రెండో ముఖం ఉంది. పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా ఎందరో సాధారణ ముస్లింలు బలైపోయారు. కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ ఆ సంఖ్య 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటుందని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాలపాటు బయట పెట్టలేదు. రజ్వీ చేసినదానికి రజ్వీతో ముఖపరిచయం కూడా లేనివాళ్లు ప్రాణాలిచ్చారు. వాళ్లను చంపినవాళ్లకు రజ్వీకి కట్టినటువంటి బోను ఎవరూ కట్టలేదు.

తెలంగాణ సాయుధ పోరాటం నడిపిన కమ్యూనిస్టు దళాలది ఇంకో దారి. ప్రత్యేక ట్రిబ్యునల్ విధించిన ఉరిశిక్షలపై 1951లో సుప్రీంకోర్టులో వాదించడానికి లండన్ నుంచి బారిస్టర్ డి.ఎన్. ప్రిట్ వచ్చాడు. కేసు ఓడినా ఉరి తప్పి యావజ్జీవమైంది. అదే ఏడాది అక్టోబరులో పోరాట విరమణ. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్లారు. తుపాకీ దించి ఓటు అడగడానికి వచ్చినవాళ్లకు తలుపు తీయడం మంచిదేనని ఆ అనుభవం చెబుతుంది. అయితే దించిన తుపాకీ వేరు, దాచిన తుపాకీ వేరు.

భివండీకి దక్కింది కమిషన్

1970 మే 7న శివాజీ జయంతి ఊరేగింపుతో భివండీ అంటుకుంది. జస్టిస్ డి.పి. మదన్ కమిషన్ ఏళ్ల తరబడి సాక్ష్యాలు విని, ఊరేగింపు జరిపిన రాష్ట్రీయ ఉత్సవ్ మండల్‌ను తప్పుపట్టింది. అల్లర్లపై దర్యాప్తు చేసిన ప్రత్యేక పోలీసు దళమే ఏకపక్షంగా నడిచిందని తేల్చింది. 1984 మేలో ఊరు మళ్లీ తగలబడింది. మంటలు ఠాణే, బొంబాయి దాకా పాకాయి. మొత్తం 270 మందికి పైగా చనిపోయారు.

మన చట్టంలో కమిషన్ చెప్పేది సలహా మాత్రమే. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం ప్రకారం ఆ నివేదికను ప్రభుత్వం ఒప్పుకోవచ్చు, అటకెక్కించవచ్చు. 1992–93 బొంబాయి అల్లర్లలో 900 మంది చనిపోతే, జస్టిస్ శ్రీకృష్ణ కమిషన్ 1998లో శివసేన అధినేత బాల్ ఠాక్రేను పేరుపెట్టి తప్పుపట్టింది. సైన్యాన్ని నడిపే సేనాపతితో పోల్చింది. అప్పుడు రాష్ట్రంలో ఉన్నది శివసేన–బీజేపీ ప్రభుత్వం. నివేదికను తోసిపుచ్చింది.

మూడేళ్లా, ఇరవై ఆరేళ్లా?

2000 జూలై 25న ఠాక్రేను అరెస్టు చేశారు. శివసేన పత్రిక 'సామ్నా'లో 1993లో రాసిన సంపాదకీయాల మీద కేసు. గడువు దాటిందని మేజిస్ట్రేటు అదే రోజు కొట్టేశారు. మూడేళ్ల శిక్ష దాటని నేరాన్ని మూడేళ్లలోపే కోర్టు స్వీకరించాలన్నది నియమం. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహితలోనూ ఆ గడువు అలాగే ఉంది. అదే పార్టీకి చెందిన మధుకర్ సర్పోత్‌దార్‌కు 1992 నాటి ప్రసంగానికి 2008లో ఏడాది జైలుశిక్ష పడింది. రెండేళ్లకే ఆయన కన్నుమూశారు.

సెర్బియా వంక చూడండి. సొంత పార్టీతోపాటు వలంటీరు దళాలనూ నడిపిన వోయిస్లావ్ షెషెల్ 1992 మేలో హర్ట్‌కోవ్‌ట్సీ అనే ఊళ్లో క్రొయేట్లను వెళ్లగొట్టాలని ప్రసంగించాడు. 2016లో హేగ్‌లోని యుద్ధ నేరాల కోర్టు నిర్దోషి అంది. 2018లో అప్పీలులో దోషిగా తేల్చి పదేళ్ల శిక్ష వేసింది. అప్పటికే జైల్లో గడిపిన కాలంతో ఆ శిక్ష తీరిపోయింది. ప్రసంగానికీ తీర్పుకూ మధ్య ఇరవై ఆరేళ్లు. శిక్ష అనుభవించడానికి మిగిలింది ఏమీ లేకపోయినా, ఆ మాటకు నేరమన్న పేరు మిగిలింది.

'ఇప్పుడెందుకు' అనేవాళ్లకు

జనమే ఓటేసి క్షమించారంటారు. ఓటు రోడ్డుకూ నీళ్లకూ కూడా వేస్తారు. చచ్చినవాళ్లకు ఓటుండదు. పాత గాయం రేపొద్దంటారు. ఈ మాటలో బలముంది, ఎందుకంటే దాన్ని నిలబెట్టింది భివండీయే. 1984 తర్వాత పోలీసు అధికారి సురేశ్ ఖోపడే మొహల్లా కమిటీలు పెట్టి రెండు వాడల పెద్దలను ఒకే చోట కూర్చోబెట్టారు. 1992లో బొంబాయి మండుతుంటే భివండీ నిలబడింది. ఏ నాయకుడూ బోనెక్కకుండానే శాంతి వచ్చింది కదా అంటే, వచ్చింది. కానీ ఆ శాంతిని కాపాడే పూచీ మగ్గం మీద కూర్చునేవాడి మీదే పడింది. నిప్పు పెట్టించినవాడి మీద ఏ భారమూ పడలేదు.

మధ్యదారి లేకపోలేదు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష కాలం నేరాలపై వేసిన సత్యం–సయోధ్య కమిషన్, చేసింది చెబితే క్షమిస్తామంది. ఏడు వేలమందికి పైగా అర్జీ పెట్టుకుంటే 849 మందికే క్షమాభిక్ష దక్కింది. మాఫీ దొరికేది ఒప్పుకున్నవాడికే. మన దగ్గర ఒప్పుకోలు లేకుండానే మాఫీ జరిగిపోతోంది.

కాబట్టి అడగాల్సినవి రెండు. ప్రాణాలు పోవడానికి దారితీసిన ద్వేష ప్రసంగానికి మూడేళ్ల గడువు ఎత్తేయాలి. కమిషన్ పేరు పెట్టిన ప్రతిచోటా కేసు నమోదు కావాలి, వద్దనుకుంటే ఆ కారణాన్ని ప్రభుత్వం సభలో రాతపూర్వకంగా చెప్పాలి. ఈ నియమం రజ్వీకీ, దళానికీ, సేనకూ ఒక్కటే కావాలి.

సాంచాపై పడుగులో పోగు తెగితే, పట్టించుకోకుండా నేసుకుంటూ పోతే ఆ గీత మీటర్ల పొడవునా సాగుతుంది. తర్వాత సేఠ్ తాను మొత్తాన్నీ డ్యామేజీ కింద రాసి కూలి కోస్తాడు. అందుకే సాంచా ఆపి, వేల పోగుల్లో తెగిన ఆ ఒక్కదాన్నే వెతికి ముడేస్తారు. ఆ కాసేపు పని ఆగినందుకు పద్మనగర్‌లోనైనా, అన్సారీల వాడలోనైనా ఎవరూ విసుక్కోరు.