ఔషధ భద్రతలో ఫార్మసిస్టు పాత్ర

వ్యాధిని నయం చేసేది ఔషధం. అయితే మోతాదు తప్పినా, వేళ తప్పినా, మరొక మందుతో పొసగకపోయినా ఆ ఔషధమే ప్రాణాంతకం కావచ్చు. ఆసుపత్రిలో చేరిన రోగికి నర్సు వేళకు మందు ఇస్తుంది. ఏదైనా వికటిస్తే వైద్యుడు గమనిస్తాడు. ఓ.పి. చీటీ తీసుకొని ఇంటికి వెళ్ళే రోగికి ఆ రక్షణ లేదు. ఆ చీటీకీ, రోగికీ నడుమ నిలిచే చివరి నిపుణుడు ఫార్మసిస్టు.

కీళ్ళవాతానికి వాడే మెథోట్రెక్సేట్ మాత్రనే ఉదాహరణగా తీసుకుందాం. దీనిని వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవాలి. రోజూ మాత్ర మింగే అలవాటు కొద్దీ దీనిని కూడా ప్రతిదినం వాడితే ఎముకలలోని మూలుగ దెబ్బతిని, రక్తకణాలు క్షీణించి, మరణం సంభవించవచ్చు. వివిధ దేశాలలో ఇటువంటి మరణాలు నమోదయ్యాయి. వేసుకోవలసిన వారం పేరును కవరు మీద స్పష్టంగా వ్రాసి, రోగి చేత ఆ మాట తిరిగి చెప్పించిన ఫార్మసిస్టు ఈ ప్రమాదాన్ని నివారించగలడు.

ఒకే రోగి ఇద్దరు వైద్యుల వద్దకు వెళ్ళినప్పుడు మరొక చిక్కు ఏర్పడుతుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్న వృద్ధుడు మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్ కూడా వేసుకుంటే రక్తస్రావం జరిగే ముప్పు పెరుగుతుంది. జ్వరానికి ఒక మాత్ర, జలుబుకు మరొక మాత్ర కొన్నవారు, పేర్లు వేరైనా రెండింటిలోనూ పారాసిటమాల్ ఉండవచ్చునని ఎరుగరు. అది మితిమీరితే కాలేయానికి హాని. "ఇంకా ఏ మందులు వాడుతున్నారు?" అనే ఒక్క ప్రశ్న ఈ రెండు ప్రమాదాలనూ బయటపెడుతుంది. సందేహం కలిగినప్పుడు ఫార్మసిస్టు చీటీని తానే మార్చడు, వైద్యుని సంప్రదిస్తాడు.

చట్టం కూడా ఈ బాధ్యతను గుర్తించింది. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం వైద్యుని చీటీపై మందులు ఇచ్చే అధికారం రిజిస్టరైన ఫార్మసిస్టుకు చెందుతుంది. మందుల వాడకాన్ని రోగికి వివరించడం అతని వృత్తిధర్మమని 2015 నాటి నిబంధనలు తెలిపాయి. మందుల దుష్ఫలితాలను నమోదు చేయడానికి 2010లో జాతీయ కార్యక్రమం మొదలైంది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 'హాని లేని ఔషధం' అనే లక్ష్యాన్ని దేశాలన్నింటి ముందు ఉంచింది.

అయినా కొన్ని దుకాణాలలో ఫార్మసిస్టు ధ్రువపత్రం గోడకు వ్రేలాడుతుంటుంది. మందులు అందించేది మాత్రం శిక్షణ లేని సహాయకుడు. తొందరపడే కొనుగోలుదారుని దోషం కూడా ఇందులో లేకపోలేదు. మందును కేవలం సరుకుగా భావించినంత కాలం ఈ పరిస్థితి మారదు.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఈ వృత్తిని చేపట్టవచ్చు. అంతవరకు మీ ఇంటిలోని పెద్దలు వాడే మందులన్నింటి పేర్లు ఒక కాగితంపై వ్రాసి ఉంచండి. మందు కొన్న ప్రతిసారి దానిని ఫార్మసిస్టుకు చూపి, ఏ మందు, ఎంత, ఎప్పుడు, ఎన్నాళ్ళు వాడాలో అడిగి తెలుసుకోండి. అడిగేవారుంటేనే చెప్పే బాధ్యత నిలుస్తుంది.