ఇంజను మార్పిడియు, పొగగొట్టముల ఎన్నికయు

పై తరగతుల బాలురు కొందరు, ఒక కారులోని ఇంజనును తీసి మరియొక కారులో అమర్చు దృశ్యములను సెల్‌ఫోనులలో చూచుచు గంటలు గడుపుచున్నారు. ఇది చదువునకు చేటని కొందరు తల్లిదండ్రులును, ఏదో యొక సరదా, పోనిమ్మని మరికొందరును మాతో చెప్పుచున్నారు. ఆ పనిలో ఏమి విద్య యున్నదో తెలియకుండ దానిని మెచ్చుటయు తగదు, మందలించుటయు తగదు. అందుచే ఆ పనిలోని ఒక్క చిన్న భాగమును, అనగా ఇంజను మార్చినపుడు పొగను బయటకు కొనిపోవు మానిఫోల్డులను ఎట్లు ఎన్నుకొనవలెనను విషయమును, ఈ సంచికలో వివరింప దలచితిమి. ఉదాహరణముగా ఇంగ్లండు దేశపు ఎమ్.జి.బి. అను స్పోర్ట్సు కారును తీసికొందము.

కారు, దానికి వచ్చిన కొత్త ఇంజను

ఎమ్.జి.బి. కారు 1962లో వెలువడినది. ఆబింగ్డను పట్టణమందలి కర్మాగారమున 1980 వరకు 5 లక్షలకు పైగా ఇట్టి కార్లు తయారైనవి. దాని సొంత ఇంజను పోత ఇనుముతో చేసినది, నాలుగు సిలిండర్లది, పరిమాణము 1798 ఘన సెంటీమీటర్లు. కారు చక్కనిదే గాని బలము చాలదని చాలమంది తలచిరి.

అమెరికాలో బ్యూయిక్ సంస్థ 1961 మొదలు 1963 వరకు అల్యూమినియముతో చేసిన ఎనిమిది సిలిండర్ల ఇంజనును తన కార్లలో వాడినది. దాని హక్కులను ఇంగ్లండులోని రోవరు సంస్థ కొని, 1967 నుండి తన కార్లలో అమర్చినది. దాని పరిమాణము 3528 ఘన సెంటీమీటర్లు. నాలుగేసి సిలిండర్లు రెండు వరుసలుగా, ఆంగ్లములోని ‘వి’ అక్షరము వలె ఏటవాలుగా నుండును. పరిమాణము ఇంచుమించు రెట్టింపైనను, లోహము తేలిక యగుటచే దీని బరువు పాత పోత ఇనుప ఇంజను బరువునకు దగ్గరగానే యుండును. 1970వ దశాబ్దపు ఆరంభమున కెన్ కాస్టెల్లో అను నాతడు ఈ ఇంజనును ఎమ్.జి.బి.లో అమర్చి చూపెను. తరువాత ఆ సంస్థయే 1973 నుండి 1976 వరకు 2591 కార్లను ఈ ఇంజనుతో తయారుచేసినది. నేటికిని పాత ఎమ్.జి.బి. కార్లలో ఈ మార్పిడి చేయువారు కలరు.

ఇంజనును లోనికి దింపుట ఒక యెత్తు. దాని పొగను బయటకు రప్పించుట మరియొక యెత్తు. నాలుగు సిలిండర్ల ఇంజనుకు పొగ ఒక ప్రక్కనే వెలువడును. ‘వి’ ఇంజనుకు రెండు ప్రక్కల వెలువడును. ఆ రెండు ప్రక్కలను స్థలము ఇరుకు.

మానిఫోల్డు చేయు పని

వంటింట పొయ్యి పైన పొగగూడు సరిగా లేనిచో పొగ ఇంట నిండి, మంట కూడ మందగించుటను మన గృహిణులు ఎరుగుదురు. ఇంజనునందును అంతియే. కాలిన వాయువు పూర్తిగా బయటకు పోనిచో, కొత్త గాలికిని పెట్రోలు ఆవిరికిని లోపల చోటు తగ్గి, బలము తగ్గును. సిలిండర్ల నుండి వెలువడు ఈ వాయువును చేరదీసి ఒక గొట్టములోనికి పంపునదియే మానిఫోల్డు. పూర్ణభారముతో నడచు పెట్రోలు ఇంజను వాయువు 800 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతము వేడి కలిగి యుండును.

వాయువు ఏరువలె నిలకడగా ప్రవహించునది కాదు. ఒక్కొక్క వాల్వు తెరచుకొన్నప్పుడెల్ల ఒక్కొక్క తాడనముగా వచ్చును. రోవరు ఇంజనులో సిలిండర్లు మండు క్రమము 1-8-4-3-6-5-7-2. ఇరుసు 90 డిగ్రీలు తిరిగినపుడెల్ల ఒకటి మండును. బేసి సంఖ్యలవి ఒక వరుస, సరి సంఖ్యలవి రెండవ వరుస. బేసి వరుసను మాత్రమే చూచినచో 5 మండిన 90 డిగ్రీలకే దాని ప్రక్కనున్న 7 మండును. నిమిషమునకు 3000 సార్లు తిరుగు ఇంజనులో ఈ ఎడము సెకనులో 200వ వంతు మాత్రమే. అప్పటికి 5వ దాని వాల్వు ఇంకను మూతపడదు. రెంటిని పొట్టి గొట్టముతో వెంటనే కలిపినచో 7వ దాని తాడనము 5వ దానిలోనికి వెనుకకు త్రోయును. అట్లుగాక 5వ దానిని 1తోను, 7వ దానిని 3తోను కలిపి, ఆ పిదప రెండు జతలను ఒకటి చేసినచో, ఒక్కొక్క జతలో కనీసము 270 డిగ్రీల ఎడము లభించును. గొట్టముల వంకరలలో ఇంత లెక్క యున్నది.

మూడు త్రోవలు

ఈ మార్పిడి చేయువారి ముందు ముఖ్యముగా మూడు త్రోవలు కలవు.

మొదటిది పోత ఇనుప మానిఫోల్డు. 1973 నాటి కార్లకు సంస్థవారు పెట్టినది ఇట్టిదే. ఇది బరువైనది, దారులు పొట్టివి, బలము కొంత తగ్గును. కాని చప్పుడు తక్కువ, పగుళ్ళు తక్కువ, ఏండ్ల తరబడి మన్నును. ప్రతిదినము తిరుగు కారునకు ఇది చాలునని పెద్ద పనివారు చెప్పుటలో న్యాయము కలదు. అయితే ఎమ్.జి.బి. కొలతలకు చేసినదై యుండవలెను. అదే ఇంజను గల రోవరు పెద్ద కార్ల మానిఫోల్డులు ఈ ఇరుకులో సాధారణముగా పట్టవు.

రెండవది ఇంజనును హత్తుకొని క్రిందికి దిగు ఉక్కు గొట్టముల సముదాయము. తేలిక, కారు రేకును కోయనక్కరలేదు. కాని ఆ గొట్టములు ఇంజనుకును చట్రమునకును నడుమ, స్టీరింగు కడ్డీకి సమీపమున దూరిపోవలెను. వేడి అంతయు అచ్చటనే నిలుచును.

మూడవది చక్రము వైపున నున్న లోపలి రేకునకు రంధ్రము చేసి, గొట్టములను దాని గుండ బయటకు త్రిప్పి క్రిందికి దింపుట. 1993 నుండి 1995 వరకు తయారైన ఎమ్.జి. ఆర్.వి. 8 అను కారులో ఈ పద్ధతినే అనుసరించిరి. గొట్టములు పొడవుగా, సులువైన వంపులతో నుండును. ఇంజను చుట్టును వేడి తగ్గును. అయితే కోసిన రేకు మరల రాదు. కోసిన అంచునకు తుప్పు పట్టకుండ రంగు వేయవలెను. చక్రము పూర్తిగా త్రిప్పినపుడును, గోతిలో పడి పైకి లేచినపుడును టైరు గొట్టమునకు తగులదని చూచుకొనవలెను.

లోహము, కొలత

గొట్టములు మెత్తని ఉక్కుతో గాని స్టెయిన్‌లెస్ స్టీలుతో గాని చేయుదురు. మెత్తని ఉక్కు చౌక, అతుకుట సులువు. కాని తుప్పు పట్టును. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పునకు లొంగదు. వేడిని తక్కువగా ప్రసరింపజేయును. కాని వేడికి ఎక్కువ సాగును. అర మీటరు గొట్టమునకు 600 డిగ్రీల వేడి హెచ్చినచో మెత్తని ఉక్కు 4 మిల్లీమీటర్లకు పైగా, స్టెయిన్‌లెస్ స్టీలు 5 మిల్లీమీటర్లకు పైగా పెరుగును. ఈ పెరుగుదలకు తావీయనిచో అతుకు వద్ద చీలును. పదార్థములు వేడికి వ్యాకోచించునను పాఠమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము లేదు.

గొట్టము ఎంత లావైన అంత మేలని బాలురు తలతురు. అది పొరపాటు. ఈ ఇంజనులో ఒక్కొక్క సిలిండరు 441 ఘన సెంటీమీటర్లు. లోపలి వ్యాసము 35 మిల్లీమీటర్లున్న గొట్టము దాని కొక సామాన్యమైన కొలత. దానిని 42 చేసినచో వైశాల్యము వందకు 44 వంతులు హెచ్చి, వాయువు వేగము ఇంచుమించు వందకు 30 వంతులు తగ్గును. వేగము తగ్గినచో, ముందు పోయిన వాయువు వెనుకటి దానిని లాగుకొని పోవు గుణము సన్నగిల్లును. పందెములందు నిమిషమునకు 6000 సార్లు తిరుగు ఇంజనుకు లావు గొట్టము మేలు చేయవచ్చును. ఊరిలో తిరుగు కారునకు చేటు చేయును.

ప్రాణముతో కూడిన సంగతులు

బలము మాట అటుంచి, అపాయము మాట ముందు చూడవలెను. బ్రేకు గొట్టములోని ద్రవము ‘డాట్ 3’ రకమైనచో, కొత్తగా నున్నపుడు 205 డిగ్రీలకును, తేమ పీల్చిన పిదప 140 డిగ్రీలకును మరుగును. పొగగొట్టపు వేడిచే అది మరిగి ఆవిరి యైనచో, పెడలును ఎంత త్రొక్కినను బ్రేకు పడదు. కాబట్టి బ్రేకు, పెట్రోలు గొట్టములను దూరముగా జరుపవలెను. జరుప వీలులేనిచో నడుమ రేకు అడ్డు పెట్టవలెను. ఇంజను రబ్బరు దిమ్మెలపై ఊగునుగనుక, నిలిచియున్నపుడు తగులని గొట్టము నడచునపుడు స్టీరింగు కడ్డీకి తగులవచ్చును. ఊగుటకును, వేడికి పెరుగుటకును చాలినంత ఎడము ఉంచవలెను.

మానిఫోల్డు అంచుపట్టీ పలుచనైనచో వేడికి వంగి, గ్యాస్కెట్టు కాలి, వాయువు కారును. అందు కార్బన్ మోనాక్సైడు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. కారు లోపల చేరినచో ప్రాణము తీయును. అందుచే పట్టీ దళసరిగా నుండవలెను. మొదటిసారి వేడెక్కి చల్లారిన పిదప బోల్టులను మరల బిగింపవలెను. మూసిన గదిలో ఇంజనును నడిపి పరీక్షింపరాదు. కొనుటకు ముందే స్పార్కు ప్లగ్గులు విప్పుటకును, ఆ బోల్టులు బిగించుటకును పానా దూరునో లేదో చూచుకొనవలెను.

తల్లిదండ్రులు చేయదగినది

ఇది చదివి మన పిల్లలు ఇట్టి పనికి పూనుకొనవలెనని మేము చెప్పుట లేదు. మన దేశమున 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. ప్రతి వాహనమునకును సైలెన్సరు ఉండవలెనని 1989 నాటి కేంద్ర నియమములు చెప్పుచున్నవి. మోటారు సైకిలుకు సైలెన్సరు తీసివేసి వీధి అదరగొట్టుట విద్య కాదు. ఇంజనును గూర్చిన తెలివియు కాదు.

కాని పిల్లవాడు ఈ విషయమును ఎత్తినపుడు కసరి నోరు మూయించుటకు బదులు, నాలుగు ప్రశ్నలు అడుగుడు. ఈ గొట్టము ఏ పనికి? ఎంత వేడికి ఎంత పెరుగును? బ్రేకు ద్రవమునకు ఎంత దూరము? రేపు విప్పవలసి వచ్చినచో పానా పట్టునా? జవాబు చెప్పగలిగినచో వానికి భౌతికశాస్త్రమందును గణితమందును నిజమైన ఆసక్తి కలదని గ్రహింపుడు. చెప్పలేనిచో, తెలిసికొనుటకు పుస్తకము తెరచును. ఈ ప్రశ్నలకు ఆంగ్లము అక్కరలేదు. ఇంటి మాటయే చాలును.

అశోక్ లేలాండు, టి.వి.ఎస్. కర్మాగారములు గల హోసూరు ప్రాంతమున మనము నివసించుచున్నాము. పాలిటెక్నిక్కునకు పోవుదునను పిల్లవానిని చదువురానివానిగా చూచు వాడుక మన ఇండ్లలో ఇంకను పోలేదు. పైన చెప్పిన లెక్కలన్నియు పదవ తరగతి లోపలి గణితమే. ఆ గణితమును ఇనుముపై ప్రయోగించు నేర్పు గలవానిని, కాగితముపై మాత్రమే ప్రయోగించువానికంటె తక్కువవానిగా ఎంచుటకు మాకు కారణము కనబడుట లేదు. ఈ యేడు పదవ తరగతి ముగించు పిల్లల తల్లిదండ్రులు, దరఖాస్తు నింపుటకు ముందు పిల్లవానితో కూర్చుండి వాని మక్కువ ఎందున్నదో ఒక్క సాయంకాలమైన విచారింప ప్రార్థన.