నల్లమందుకు విరుగుడు, నొప్పికి మందా?

నల్ట్రెక్సోన్‌కు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1984లో అనుమతి ఇచ్చింది. నొప్పి తగ్గించడానికి కాదు, హెరాయిన్ మానేసినవాళ్లు మళ్లీ అటు పోకుండా ఆపడానికి. పదేళ్ల తర్వాత మద్యం అలవాటుకూ వాడవచ్చంది. రోజుకు 50 మిల్లీగ్రాములు. మన దగ్గర మద్యం మాన్పించే వైద్యంలోనూ ఈ మాత్ర ఉంది. మార్ఫిన్, హెరాయిన్, నల్లమందు వంశానికి చెందిన మరే మందునూ పనిచేయనివ్వకపోవడమే దీని పని. అలాంటిదాన్ని, ఆ మోతాదులో పదోవంతు కూడా లేకుండా, ఏళ్ల తరబడి వదలని నొప్పులకు ఇస్తున్నారంటే తిరకాసు వ్యవహారంగానే కనిపిస్తుంది.

అసలు నొప్పికి నల్లమందు వంశపు మందులు, అంటే ఓపియాయిడ్లు ఉన్నాయిగా? ఆపరేషన్ తర్వాత, కేన్సర్ ముదిరినప్పుడు మార్ఫిన్ విలువ గురించి వాదన అనవసరం. ఏళ్లు సాగే నొప్పి సంగతి వేరు. శరీరం మోతాదుకు అలవాటు పడుతుంది, పెంచక తప్పదు. కొందరిలో ఆ మందులే నొప్పిని ఇంకా పదునెక్కిస్తాయి. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో నడుము నొప్పి, కీళ్ల అరుగుదల ఉన్న 240 మందిని ఏడాదిపాటు గమనించిన అధ్యయనం 2018లో వెలువడింది. ఓపియాయిడ్లు వాడినవాళ్లు రోజువారీ పనుల్లో ఓపియాయిడ్లు కాని నొప్పి మందులు వాడినవాళ్లకన్నా మెరుగుపడలేదు సరికదా, నొప్పి వాళ్లలోనే కాస్త ఎక్కువ మిగిలింది.

ఇక నల్ట్రెక్సోన్ చిన్న మోతాదులో ఏం చేస్తుంది? నరాల కణాల మీద ఓపియాయిడ్ గ్రాహకాలు ఉంటాయి. మార్ఫిన్ వాటికి అతుక్కుంటే నొప్పి కబురు మందగిస్తుంది. నల్ట్రెక్సోన్ కూడా అక్కడికే వెళ్తుంది, కానీ బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపినట్టు ఊరికే ఆక్రమించుకుంటుంది. 50 మిల్లీగ్రాములైతే ఆ అడ్డు రోజంతా ఉంటుంది. నొప్పికి ఇచ్చే చిన్న మోతాదు, 4.5 మిల్లీగ్రాములైతే కొన్ని గంటలే. ఆ కాసేపట్లో శరీరం తన సొంత నొప్పి నివారిణులైన ఎండార్ఫిన్లు చాలడం లేదనుకుని ఉత్పత్తి పెంచుతుందని, అడ్డు తొలగాక ఆ పెరిగినదంతా ఉపయోగపడుతుందని ఒక వాదన. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో ఇయాన్ జాగన్ 1980ల్లో జంతువుల మీద చేసిన పరిశోధనల్లో దీని మూలాలున్నాయి. చాలామంది డాక్టర్లు ఈ మందును పడుకోబోయే ముందు వేసుకోమనడం వెనక ఉన్నదీ ఇదే.

రెండో వాదన నాకు ఇంకా ఆసక్తికరం. మెదడులో, వెన్నుపాములో మైక్రోగ్లియా అనే రోగనిరోధక కణాలుంటాయి. అవి రెచ్చిపోతే వాపు పుట్టించే రసాయనాలు వదిలి, చుట్టుపక్కల నరాలను చీటికీమాటికీ రేగేలా చేస్తాయి. ఈ కణాల మీద టీఎల్ఆర్-4 అనే వేరే గ్రాహకం ఉంది. నల్ట్రెక్సోన్ దాన్నీ అడ్డుకుంటుంది. నల్ట్రెక్సోన్ అణువుకు కుడిఎడమలు తారుమారైన జోడు ఒకటి ఉంది. ఓపియాయిడ్ గ్రాహకాల దగ్గర దాని ఆట సాగదు. అయినా అది ఎలుకల్లో నరాల నొప్పిని తగ్గించిందని 2008లో తేలింది. అంటే నొప్పి తగ్గే దారి వేరే ఎక్కడో ఉందన్నమాట. కాకపోతే ఎలుకల్లో కనిపించిన పని మనిషి మింగే 4.5 మిల్లీగ్రాములతో మెదడులో జరుగుతుందా అన్నది ఇంకా నిరూపణ కాలేదు.

మనుషుల్లో రుజువులు ఎంత? ఒళ్లంతా నొప్పులు, నిద్రలేమి, అలసట వేధించే ఫైబ్రోమయాల్జియా మీద స్టాన్‌ఫర్డ్‌లో జారెడ్ యంగర్ బృందం ముందు 10 మంది స్త్రీలతో, తర్వాత 31 మందితో పరీక్షించింది. 2013లో ప్రచురించిన రెండో పరీక్షలో మందుతో నొప్పి 28.8 శాతం తగ్గింది. మందు లేని ఉత్తుత్తి మాత్రతో 18 శాతం. ఉత్తుత్తి మాత్రకే అంత తగ్గిందన్న సంగతి మరిచిపోకూడదు. ‘నాకు బ్రహ్మాండంగా పనిచేసింది’ అనేవాళ్ల మాటను తేలిగ్గా తీసేయలేం, అలాగని రుజువుగానూ తీసుకోలేం. డెన్మార్క్‌లో 99 మంది స్త్రీలకు 12 వారాలు 6 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి చూసిన పరీక్ష 2024లో లాన్సెట్ రుమటాలజీలో వచ్చింది. నొప్పిలో లెక్కకు వచ్చే తేడా లేదు. జ్ఞాపకశక్తి ఇబ్బందులు మాత్రం కొంత తగ్గినట్టు కనిపించాయి.

అయితే వేలమందితో పరీక్షించి తేల్చేయవచ్చు కదా? పేటెంట్ ఎప్పుడో తీరిపోయిన చవక మందు మీద ఏ కంపెనీ కోట్లు ఖర్చుపెడుతుంది? అందాకా డాక్టర్లు దీన్ని నొప్పికి అనుమతి లేకుండానే రాస్తున్నారు. అనుమతి పొందిన జబ్బుకు కాక వేరే జబ్బుకు మందు రాయడం వైద్యంలో కొత్త కాదు, తప్పూ కాదు. దిగులుకు వచ్చిన అమిట్రిప్టిలిన్‌ను నరాల నొప్పికి దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. చెడ్డ ఉదాహరణా ఉంది: మూర్ఛ మందు గాబాపెంటిన్‌ను అనుమతి లేని జబ్బులకు ప్రచారం చేసిన కేసులో దాని కంపెనీ 2004లో 43 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది.

అసలు ప్రమాదం మన ఇళ్లలోనే ఉండవచ్చు. నడుము నొప్పికి వేసుకునే ట్రమడాల్ కూడా ఓపియాయిడే. కేంద్రం 2018లో దాన్ని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది. ట్రమడాల్, టాపెంటడాల్, కోడీన్ ఉన్న దగ్గు మందు ఒంట్లో ఉండగా నల్ట్రెక్సోన్ పడితే చెమటలు, వాంతులు, విరేచనాలతో మనిషి అల్లాడిపోతాడు. వాటిని ఆపి వారం, పది రోజులైనా గడవాలి. ఆపడం కూడా డాక్టరు చెప్పినట్టే, మెల్లగా. ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. రంగురంగుల కలలు, కలత నిద్ర ఈ మందుతో తరచూ వినిపించే ఫిర్యాదులు. దుకాణంలో మామూలుగా దొరికేది 50 మిల్లీగ్రాముల మాత్ర. దాన్ని ఇంట్లో బ్లేడుతో పదకొండు సమాన ముక్కలు కోయడం ఎవరి వల్లా కాదు. చిన్న మోతాదు ఎలా, ఎవరు తయారుచేసి ఇస్తారో డాక్టరుతోనే తేల్చుకోవాలి. సాధారణంగా ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. రెండు మూడు నెలల్లో గుణం కనిపించకపోతే డాక్టరుతో మాట్లాడి ఆపేయవచ్చు. అలవాటయ్యే మందు కాదు కాబట్టి మానడానికి అవస్థ ఉండదు.