ఇటాలియన్ నేర్చుకుంటున్నారా? ఇంగ్లీష్ మీదుగా వెళ్లకండి

వనపర్తి నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టిండు. "అన్నా, ఇటలీల మాస్టర్స్ సీటొచ్చింది. కోర్సు మొత్తం ఇంగ్లీషే. మళ్ల ఇటాలియన్ ఎందుకు?"

క్లాసులో అక్కర్లేదు తమ్ముడూ. కానీ అక్కడ దిగిన 8 పనిదినాల్లో 'పెర్మెస్సో ది సొజ్జోర్నో', అంటే అక్కడ ఉండే పర్మిట్‌కి, అప్లై చేయాలి. ఆ పోస్టాఫీసు కౌంటర్ దగ్గర, మందుల షాపులో, రూమ్ ఓనర్‌తో నీ ఇంగ్లీష్ ఎంతవరకు పనికొస్తుందో చెప్పలేం.

నేను చేసిన తప్పు చెప్తా. జాబ్‌లో ఉన్నప్పుడు ఒక యాప్‌లో మూడు నెలలు ఇంగ్లీష్ నుంచి నేర్చుకున్నా. ఇటలీ టీమ్‌తో కాల్‌లో 'ఐ లైక్ కాఫీ' అందామని "ఇయో పియాచ్చో..." అని మొదలుపెట్టిన. అవతలాయన పడీపడీ నవ్విండు. దానర్థం "నేను నచ్చుతా" అని!

కరెక్ట్‌గా అయితే "మి పియాచె ఇల్ కఫ్ఫే". 'మి' అంటే నాకు, 'పియాచె' అంటే నచ్చుతుంది. నాకు కాఫీ నచ్చుతుంది. అచ్చం మన వాక్యమే కదా! ఇంకా చూడండి. కొల్లాపూర్ మామిడిపండు నాకు నచ్చింది, పండ్లు అయితే నచ్చినయ్. తినేది నేనే, కానీ క్రియ మారింది పండ్లను బట్టి. అక్కడా అంతే, పండ్లు ఎక్కువైతే "మి పియాచ్చోనో ఇ మాంగి". ఇంగ్లీష్‌లో ఆలోచిస్తే ఇది తలకెక్కదు, తెలుగులో ఆలోచిస్తే నేర్చుకునేదేం లేదు.

నొప్పులు కూడా ఇట్లనే. "మి ఫా మాలె లా తెస్తా", నాకు తల నొస్తుంది. "మి ఫాన్నో మాలె ఇ పియెది", నాకు పాదాలు నొస్తున్నయ్. మందుల షాపుకి ఇవి రెండూ రాసిపెట్టుకోండి.

'నేను', 'నువ్వు' ప్రతిసారీ చెప్పక్కర్లేదు. పార్లో, పార్లి, పార్లా అంటే మాట్లాడతా, మాట్లాడతవ్, మాట్లాడతడు. ఎవరనేది క్రియ చివర్లోనే తెలిసిపోతుంది.

ఇక ఉచ్చారణ. తెలుగుని 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అన్నది రెండు భాషల్లో మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయని. నన్నడిగితే మనకి అసలు లాభం ఒత్తుల దగ్గర. 'నోనో' అంటే తొమ్మిదోది, 'నోన్నో' అంటే తాత. మనకి గడి, గడ్డి లాగా. "క్వాంతి ఆన్ని ఆయి?" అంటే నీ వయసెంత. అందులో 'న' ఒత్తు మింగేస్తే బూతైతది, జాగ్రత్త!

తెలుగు కాపాడని చోట్లు కూడా ఉన్నయ్. మన 'కి', 'లో' మాట వెనక వస్తాయి, అక్కడ ముందొస్తాయి. రోమ్‌కి అంటే "ఆ రోమా". పుస్తకం మగ, పెన్ను ఆడ. ఎందుకని అడగొద్దు, "ఇల్ లిబ్రో", "లా పెన్నా" అని జంటగానే బట్టీ కొట్టండి.

ఫ్రెండ్‌ని 'తు' అనొచ్చు. కౌంటర్‌లో ఉన్నాయన్ని మాత్రం 'లేయి' అనాలి, మన 'మీరు' అన్నట్టు. తమ్ముడూ, నీకు మొదటి రోజే పనికొచ్చే వాక్యం కూడా ఆ మర్యాదలోనే ఉంది: "పువో పర్లారె ప్యూ ప్యానో, పెర్ ఫవోరె?" కొంచెం మెల్లగా మాట్లాడతారా, ప్లీజ్. ఇవాళే పదిసార్లు గట్టిగా అను. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనీ.